తాగకుండా వదిలిన కాఫీ, రాకుండా పోయిన గ్యాస్

మా బోధన్ వైపు ఎవరైనా కోతలు కోస్తుంటే "గ్యాస్ కొట్టకు" అంటారు. ఇరవైనాలుగేళ్లు నాకు జీతం ఇచ్చిందే అందుకు. గల్ఫ్‌లో ఒక దేశం గ్యాస్ అమ్మేది, దాని పక్క దేశం కొనేది. కొనే దేశపు కంపెనీలో ధరలు చూసే విభాగంలో నేను ఒక కుర్చీ. నా ఆయువులో మంచి భాగం ఆ వాయువుకే పోయింది.

దేశాల పేర్లు రాయను. పదవీ విరమణ రోజున నాచేత సంతకం పెట్టించుకున్న కాగితం ఒకటుంది. అదలా ఉంచినా, పేర్లు మారినంత మాత్రాన గ్యాస్ వచ్చే గొట్టం మారదు. రెండు ఇళ్ల మధ్య ఒకే గోడ ఉంటే ఎన్ని గొడవలో, రెండు దేశాల మధ్య ఒకే గొట్టం ఉంటే అన్ని గొడవలు.

మన జిల్లా నుంచి చదువుకున్నవాళ్లు కొందరు ఇప్పుడు ఈ కాంట్రాక్టుల పనిలోకి వెళ్తున్నారని విన్నాను. వాళ్ల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, రాసేటన్ని లేవు. నేను చేసిన తప్పులు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. వాటిలో చిన్నది ముందు చెప్పి, పెద్దదాని దగ్గరికి మెల్లగా వస్తాను. తొందరగా రావాలని నాకేమీ లేదు.

ధర అంటే అంకె కాదు

బయటివాళ్లు గ్యాస్ ధర అంటే సంతలో కూరగాయల ధర లాంటిదనుకుంటారు. అది ఒక అంకె కాదు, పేజీన్నర లెక్క. ముడిచమురు ధర పెరిగితే ఇది ఎంత పెరగాలి, ఎక్కడ ఆగాలి, చమురు ఎంత తగ్గినా ఇది ఎక్కడికి మించి దిగకూడదు, కొనేవాడు గ్యాస్ తీసుకోకపోయినా ఎంత కట్టాలి, ఎన్నేళ్లకోసారి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. సంతకం పెట్టిన రోజు ఇద్దరూ నవ్వుతారు. చమురు ధర అటో ఇటో కదలగానే ఒకడి నవ్వు ఆగిపోతుంది. ఒప్పందంలో ఒప్పుకున్నది ఎంతో, తప్పించుకున్నది ఎంతో అప్పుడే తెలుస్తుంది.

ఇది నాకు కొత్త కాదు. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, చెరుకు రైతు. కోసిన చెరుకు బండి మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో రెండ్రోజులు నిలబడేది. ఎండకు నీరు ఇంకిపోయి బరువు తగ్గేది. తూకం వేసేవాడు ఆ తగ్గిన బరువునే రాసేవాడు. బాపు కాంటా దగ్గర ఏమీ అనేవాడు కాదు. ఇంటికొచ్చి అమ్మతో అనేవాడు, "ఎండింది చెరుకు కాదే, మనమే" అని.

అంత తెలిసినవాణ్ణి, నా మొదటి తప్పు కొలతలోనే చేశాను. గ్యాస్ వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని "ఇంత వేడి దగ్గర కొలిచినట్టుగా లెక్క కడదాం" అని ఒప్పందంలో ముందే రాసుకుంటారు. నేను పదిహేను డిగ్రీల దగ్గర లెక్క కట్టాను. ఒప్పందం వెనక అనుబంధంలో ఇరవై అని ఉంది. వెనక పేజీలు చదవలేదు. దాంతో అమ్మేవాళ్లు పంపిన గ్యాస్ కన్నా ఎక్కువ రాస్తున్నారని నా లెక్కలో తేలింది. తేడా నూటికి రెండు కూడా లేదు. కానీ దొంగతనం అనడానికి నూటికి రెండు చాలు. మూడు నెలలు రెండు దేశాల మధ్య ఉత్తరాలు నడిచాయి. కోపం పెరిగేకొద్దీ వాటిలో మర్యాద పెరిగింది. నాలుగో నెల అనుబంధం చదివి నేను చల్లబడ్డాను, ఎన్ని డిగ్రీలకో లెక్క కట్టలేదు.

అప్పుడు నన్ను కాపాడింది సాలిం సాబ్. ఆయన మేం పనిచేసే దేశం మనిషే, మా విభాగానికి పెద్ద. లెక్కలు పెద్దగా రావు. అమ్మే దేశపు పెద్దాయన హమద్ సాబ్‌తో ముప్పై ఏళ్ల పరిచయం. ఆయన కారెక్కి సరిహద్దు దాటి వెళ్లి, ఒక పూటంతా హమద్ సాబ్ ఇంట్లో కూర్చుని వచ్చారు. గ్యాస్ మాట చివరి పది నిమిషాల్లోనే వచ్చిందట. మిగతా సేపంతా ఒంటెల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. గొడవ అక్కడితో ముగిసింది.

నా పై అధికారి హ్యారిస్‌కు ఇది నచ్చలేదు. "రెండు వాక్యాల ఈమెయిల్‌తో పోయేదానికి ఒక పూట ఎందుకు?" అన్నాడు. హ్యారిస్ ఇంగ్లండు మనిషి. అంకెల్లో ఆయన్ని మించిన గురువు నాకు దొరకలేదు. ఏ ఒప్పందాన్నయినా అరగంటలో విప్పి, ఏ మాట ఎవరికి ఎన్నేళ్ల తర్వాత గుచ్చుకుంటుందో చెప్పేవాడు. టీలో చక్కెర వేసుకునేవాడు కాదు. బోధన్‌వాణ్ణి కాబట్టి అది నాకు సొంత అవమానంలా ఉండేది. ఆయన లోపం ఒకటే. బల్లకు అవతల కూర్చున్నది మనుషులని ఆయన లెక్కలో ఉండేది కాదు. నేను ఆ లోపాన్ని నవ్వుతూ ఇంటిదాకా మోసుకొచ్చి చెప్పుకునేవాణ్ణి. నాకు మనుషులు తెలుసని అప్పట్లో గట్టి నమ్మకం.

సాయన్న బావ

మా గంగామణి అక్క భర్త సాయన్న బావ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ మనిషి. ఆవిరి చప్పుడు విని ఒత్తిడి ఎంతుందో చెప్పేవాడు. తర్వాత మీటరు చూసేవాడు, అది కూడా మీటరును పరీక్షించడానికే. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆర్నెల్లు ఇంట్లోనే ఉన్నాడు. అక్క ఫోన్ చేసి, "మీ బావ పొద్దుగాల లేసి డ్యూటీకి పోయినట్టే తయారైతుండు తమ్మి. తయారై అరుగు మీద కూసుంటుండు" అంది.

మేం గ్యాస్ ఇచ్చే యూరియా ఫ్యాక్టరీలో బావకు వీసా ఇప్పించాను. నా ఉద్యోగ జీవితంలో ఎవరికైనా నేరుగా పనికొచ్చిన పని అదొక్కటే. అక్కడ క్యాంపులో మన జిల్లావాళ్లు ఇరవైమంది దాకా ఉండేవాళ్లు. వాళ్లలో మాక్లూర్ ఊరి పోశెట్టి, సాయన్న బావ గదిలోనే ఉండేవాడు. ఆయన భార్య ఊళ్లో బీడీలు చుట్టేది. ఆయన అక్కడ కంప్రెసర్ల దగ్గర నూనె తుడిచేవాడు. "ఇద్దరం పొగతోనే బతుకుతున్నం సార్. ఆమె పొగ ఆమెది, నా పొగ నాది" అనేవాడు.

ప్రతి శుక్రవారం నేను క్యాంపుకు వెళ్లి వాళ్లతో తినేవాణ్ణి. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. అది తిని వారమంతా ఆఫీసు మూటగట్టి ఇచ్చిన దిగులు పోగొట్టుకునేవాణ్ణి. వాళ్లందరికీ తెలుసు, ఆ ఫ్యాక్టరీ పొరుగు దేశం గ్యాస్ మీద నడుస్తుందని. ఇంకోటి కూడా తెలుసు. గ్యాస్ తక్కువైన రోజు కరెంటుకు ముందు ఇస్తారు, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటుకు తర్వాత ఇస్తారు, మిగిలితే యూరియాకు. వరస కంపెనీ గోడ మీద రాసి ఉండేది. మన జిల్లా ఆ వరసలో చివర ఉండేది.

పాత ఒప్పందం గడువు దగ్గరపడింది. అది చమురు చవగ్గా ఉన్న రోజుల్లో రాసింది. ఇప్పుడు అమ్మేవాళ్లు ధర బాగా పెంచమన్నారు. న్యాయంగా చూస్తే వాళ్ల మాటలో తప్పు లేదు. అదే గ్యాస్‌ను చల్లబరిచి ఓడల్లో దూరదేశాలకు పంపితే వాళ్లకు ఇంకా ఎక్కువ వస్తుంది. కానీ వాళ్లడిగిన ధరకు యూరియా ఫ్యాక్టరీ నిలవదు. అంత పెట్టి గ్యాస్ కొని యూరియా చేసేకన్నా, యూరియానే బయట కొనుక్కోవడం చవక. ఆ అంకె ఎక్కడ ఉందో నాకు దశాంశాలతో సహా తెలుసు. దానికి ఒక పక్క బావకు ఉద్యోగం ఉంది, రెండో పక్క లేదు.

ఒక శుక్రవారం నన్ను సాగనంపడానికి బావ ఒక్కడే గేటు దాకా వచ్చాడు.

"ఉంటదా పోతదా, జర చెప్పు బామ్మర్ది. ఉన్నదున్నట్టు చెప్పు."

"ఉంటది బావా" అన్నాను. "నేనుంట గద బేరంల."

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. నీ మనుషుల అన్నం బల్ల మీద ఉన్నప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చోకు. పక్కకు తప్పుకో, వేరేవాణ్ణి కూర్చోమను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కానేమో. నేనుంటేనే బావకు మంచిదనుకున్నాను.

నవీపేట్ సంతలో చదివిన చదువు

చెరుకు డబ్బులు ఆలస్యమైన ఏడు బాపు మేకల బేరం చేసేవాడు. నవీపేట్ సంతకు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. అమ్మేవాడు ధర చెప్తాడు. కొనేవాడు తల అడ్డంగా ఊపుతాడు. అప్పుడు అమ్మేవాడు చాయ్ తెప్పించి, "ముందుగాల చాయ్ తాగే, నీ మాట కాదంటనా" అని చేతిలో పెడతాడు. అదంతా ఉచ్చు. చాయ్ తాగితే బేరం కుదిరినట్టే. తాగాక ధర తగ్గించమంటే సంతంతా నవ్వుతుంది. అమ్మేవాడి ధర చాయ్‌తో పాటు గొంతులోకి దిగిపోతుంది.

"చాయ్ ముట్టకు బిడ్డా" అనేవాడు బాపు నా చెవిలో. "లేసి నడు. ఎనకకు సూడకు. ఆడే ఉరుక్కుంట వస్తడు."

వచ్చేవాడు కూడా. పది అడుగులు, ఇరవై అడుగులు. వెనక నుంచి "ఓ అన్నా, ఆగే" అని వినబడేది. ఒక్కసారి కూడా తప్పలేదు. పుస్తకాల్లో చదివినవి చాలా మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు. పెద్ద చదువులు చదివి, ఏసీ గదుల్లో కూర్చుని, కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్‌కు బేరం చేసేటప్పుడు కూడా నా లోపల పనిచేసింది ఆ మేకల సంతే.

మూడు కప్పులు

చివరి మాటలకు పిలుపు వచ్చిన వారంలో సాలిం సాబ్‌కు కంటి ఆపరేషన్ జరిగింది. కంటికి కట్టుతో మంచం మీద నుంచే ఫోన్‌లో, "వెళ్లండి, కూర్చోండి, వినండి. నేను లేచేదాకా ఏదీ తేల్చకండి" అన్నారు. హ్యారిస్ సరే అన్నాడు గానీ, గడువు తేదీ చూపించి అంత సమయం లేదని దారిలో నాతో అన్నాడు. హ్యారిస్, నేను, మా లాయరు, ముగ్గురం వెళ్లాం. మాలో ఎవరూ ఆ ప్రాంతం మనిషి కాదు.

హమద్ సాబ్ మమ్మల్ని ఆఫీసులో కాకుండా ఇంట్లో, అతిథులు కూర్చునే పెద్ద గదిలో కలిశారు. ఖర్జూరాలు వచ్చాయి. పిడి లేని చిన్న కప్పుల్లో ఏలకుల వాసన వేసే పల్చని కాఫీ వచ్చింది. పనివాడి చేతిలోని పాత్ర తీసుకుని హమద్ సాబ్ తన చేత్తోనే పోశారు. అది ఎంత పెద్ద మర్యాదో అప్పుడు నాకు తెలియదు.

హ్యారిస్ మా ధర చెప్పాడు. యూరియా ఫ్యాక్టరీ నిలవగలిగిన ధర. హమద్ సాబ్ తన ధర చెప్పారు. మధ్య దూరం ఎక్కువేమీ లేదు, కానీ నాకు కావలసిన గీత ఆ దూరంలోనే ఉంది. కప్పులు మా ముందు ఉన్నాయి. హ్యారిస్ కప్పు వైపు చెయ్యి చాపాడు. నేను ఆయన మోచేతిని మెల్లగా తాకి, ఇప్పుడే వద్దన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇటువైపు బేరాలు నాకు తెలుసని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనకు కలిగించింది నేనే, ఇన్నేళ్లుగా సంత కథలు చెప్పి చెప్పి. లాయరు మా ఇద్దరినీ చూసి, ఎత్తిన కప్పు తాగకుండా కింద పెట్టాడు.

హమద్ సాబ్ మూడు కప్పుల వైపూ చూశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నారు:

"ముందు తాగండి. మీరు వచ్చిన పని అయినట్టే అనుకోండి."

నాకు నవీపేట్ కనిపించింది. ముందుగాల చాయ్ తాగే, నీ మాట కాదంటనా. అదే మాట, అదే వరస. ఉచ్చు పడబోతోందని నాకు ఏ అనుమానమూ లేదు. హ్యారిస్ చెవిలో లేద్దామన్నాను. గుమ్మం దాటకముందే పిలుస్తారని కూడా అన్నాను.

ముగ్గురం లేచాం. ధన్యవాదాలు చెప్పి నడిచాం. వెనక్కి చూడలేదు. గది పొడవైనది. తివాచీ మీద మా అడుగుల చప్పుడు కూడా లేదు. గుమ్మం వచ్చింది. వరండా వచ్చింది. కారు తలుపు తీశాం. ఎవరూ పిలవలేదు. కారు కదిలాక హ్యారిస్ గడియారం చూసుకుని, "రేపు ఫోన్ చేస్తారంటావా?" అన్నాడు. చేస్తారన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు చెమట పట్టింది. కారులో ఏసీ బాగానే పనిచేస్తోంది.

సాలిం సాబ్ చెప్పింది

ఫోన్ రాలేదు. వారం తర్వాత సాలిం సాబ్ కట్టు విప్పించుకుని ఆఫీసుకు వచ్చారు. నన్ను ఒక్కణ్ణే పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు. చెప్పాను. కప్పుల దగ్గరికి వచ్చేసరికి ఆపి, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. వాళ్ల ఎడారి ఆచారంలో, ఇంటికొచ్చినవాడు కాఫీ తాగకుండా కప్పు కింద పెడితే, నిన్ను ఒకటి అడగడానికి వచ్చాను, అది ఇస్తేనే తాగుతాను అని అర్థం. నోటితో అడగనక్కరలేదు. అది ఇవ్వకుండా పంపడం ఆ ఇంటికి తలవంపు. అందుకే ఇంటాయన, తాగు, నీ పని అయినట్టే అంటాడు. ఆ మాట నలుగురిలో అన్నాక తిరుగు లేదు.

"ఆయన మీ ధరకు ఒప్పుకున్నాడు" అన్నారు సాలిం సాబ్. "తన చేత్తో పోసి, తన నోటితో అన్నాడు. ఆయన ఇచ్చినదాన్ని మీరు ఆయన మొహానే పారేసి లేచి వచ్చారు."

నేను ఇప్పుడే వెళ్లి కాళ్లు పట్టుకుంటానన్నాను. కట్టు విప్పగానే సాలిం సాబ్ ముందు అక్కడికే వెళ్లి వచ్చారట. హమద్ సాబ్ ఆయనకు భోజనం పెట్టారు. గ్యాస్ మాట ఎత్తగానే, తాను ఇక ఆ విషయం చూడటం లేదనీ, తన తమ్ముడి కొడుకు చూస్తాడనీ అన్నారు. ఆ అబ్బాయి విదేశంలో చదువుకుని వచ్చాడు. కాఫీ పట్టింపు లేదు, అచ్చం హ్యారిస్ లాంటివాడు. అంకెలు చూసి, ఓడల్లో పంపితే ఎక్కువ వస్తుందని తేల్చాడు. గడువు తేదీన గొట్టంలో ఒత్తిడి తగ్గడం మా తెర మీద చూశాను. కరెంటుకు, నీళ్లకు వేరేచోట నుంచి ఖరీదైన గ్యాస్ తెప్పించారు. యూరియాకు మిగల్లేదు.

హ్యారిస్ నివేదికలో ధరల విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదని రాశాడు. కప్పుల మాట లేదు. నా పేరూ లేదు. ఆయన నన్ను కాపాడాననుకున్నాడు. ఇలాంటి నివేదికలు మీరు చాలా చదువుతారు. ప్రతిదాని వెనకా ఇలాంటి గది ఒకటి ఉంటుందని అనను. కానీ బేరం ధర దగ్గర విరిగిందని రాసినప్పుడల్లా నిజంగా విరిగింది ధర దగ్గరేనా అని అడగండి.

బాయిలర్ చల్లారిన తర్వాత

బాయిలర్‌ను ఆపడానికి ఒక పద్ధతి ఉంటుంది. ఒక్కసారి ఆపకూడదు, మెల్లగా చల్లార్చాలి. ఆ పని సాయన్న బావకే అప్పగించారు. బోధన్‌లో కూడా చివరి మంట ఆర్పింది ఆయనేనట. క్యాంపు ఖాళీ అవుతున్న రోజు వెళ్లాను. అందరూ పెట్టెలకు తాళ్లు కడుతున్నారు. పోశెట్టి నాకే ధైర్యం చెప్పాడు. "మీరేం జేస్తరు సార్, దేశం దేశం కొట్లాడుకుంటే" అన్నాడు. కాదనలేదు. రెండు దేశాల వెనక నేను చక్కగా దాక్కున్నాను. అంత పెద్ద చాటు ఎవరికి దొరుకుతుంది?

బావ ఇప్పుడు నవీపేట్ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ చూస్తాడు. జీతం అప్పటిదానిలో నాలుగో వంతు ఉండదు. కళ్లల్లో ఎప్పుడూ నుసి. నేను రిటైరై వచ్చి నిజామాబాద్‌లో ఉంటున్న రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆ మిల్లుకు వెళ్లి, ఊక కుప్ప పక్కన నిలబడి బావకు అంతా చెప్పాను. బావ వింటూనే రెండుసార్లు ఊక ఎగదోశాడు. మీటరు చూశాడు. అయిపోయాక అడిగాడు:

"అంటే ఆయన ఇచ్చిండు, మనం తీసుకోలె. అంతేనా?"

"అంతే బావా."

"మీ అక్కకు చెప్పకు. నా తమ్ముడు రెండు దేశాల నడుమ కూసొని మనకోసం కొట్లాడిండని సుట్టాలందరికి చెప్పుకుంటది. గదొక్కటే మిగిలింది ఆమెకు."

అప్పటి నుంచి బావ నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. బామ్మర్ది అని పిలవడం మాత్రం మానేశాడు. పేరు పెట్టి పిలుస్తున్నాడు.

బావ మాట ఏడాది నిలబెట్టాను. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక అది కుదరలేదు. అచ్చులో నా పేరు ఎక్కడ కనిపించినా అక్క కూడబలుక్కుని చదువుతుంది. బయటివాళ్ల నోటి నుంచి వినేకన్నా నయమని, రాసినంతవరకు కాగితాలు తీసుకెళ్లి ఆమెకే ఇచ్చాను. బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి ప్రతి వరసా చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేక చాటలో రాళ్లు ఏరాను.

కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

"మేమంటే ఇంటోళ్లం తమ్మి" అంది. "తక్కినోళ్లకు ఎవరు చెప్తరు?"

ఎవరూ చెప్పరని తెలుసు కాబట్టి మరునాడే మాక్లూర్ వెళ్లాను. పోశెట్టి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన భార్య గుమ్మంలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేనెవరో తెలియదు. నా పేరు చెప్పి, గల్ఫ్‌లో గ్యాస్ కంపెనీలో పనిచేసేవాణ్ణని, పోశెట్టితో మాట్లాడాలని అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. చాట కింద పెట్టి లోపలికి పరుగెత్తింది. లోపల ఆమె గొంతు వినిపించింది. "ఓ, లెవ్వు. కంపెనీ సార్ వచ్చిండు. ఇంటికే వచ్చిండు."

పెట్టె మూత తీసిన చప్పుడైంది. నాకు కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో తుడిచి, ఆమె పక్కన నిలబడింది. పోశెట్టి బయటికొచ్చాడు. బాగా సన్నబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంటున్నాడు. చంకలో ప్లాస్టిక్ కవరు ఉంది. కూర్చోకుండానే అందులోంచి పాస్‌పోర్టు తీసి రెండు చేతులతో నా ముందుకు చాచాడు.

"ఇంక రెండేండ్లు చెల్లుతది సార్" అన్నాడు. "గ్యాస్ మళ్ల ఎప్పటిసంది వస్తది?"

చెప్పడానికి వచ్చింది చెప్పాను. ఆచారం గురించి, కప్పుల గురించి, నేను హ్యారిస్ చెవిలో అన్న మాట గురించి. దాచలేదు. ఆమె కాసేపు విని, చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ముగించేసరికి పాస్‌పోర్టు ఇంకా పోశెట్టి చేతుల్లోనే ఉంది. కవరులో పెట్టబోయాడు. కవరు నోరు తెరుచుకోలేదు. రెండోసారి ప్రయత్నించాడు. నేను సాయం చేయబోతే, వద్దన్నట్టు కొంచెం పక్కకు తిరిగాడు.